బోరు లేని ద్రాక్షతోట

"బోరు ఎన్ని ఫీట్లు వేసిండ్రో అడుగు బిడ్డా."

గ్రీసులోని సాంటొరీని దీవిలో దిగిన రెండో రోజు, మెగలోఖోరి అనే ఊరి బయట ఒక ద్రాక్షతోట గట్టున నిలబడి నాన్న అన్న మొదటి మాట ఇది. తోట చూపిస్తున్న కుర్రాడికి ఇంగ్లిష్‌లో చెప్పాను. అతను నవ్వి సముద్రం వైపు చెయ్యి చూపించాడు. "బోరు లేదట నాన్నా. రాత్రిపూట సముద్రం మీంచి వచ్చే తేమేనట" అన్నాను. నాన్న నమ్మలేదు. డ్రిప్పు పైపు ఎక్కడైనా కనబడకపోతుందా అని సాలు పొడుగునా వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

నాన్న గురించి కొంచెం చెప్పకపోతే ఈ ట్రిప్ సంగతి సగమే అర్థమవుతుంది. మాది శామీర్‌పేట దగ్గర ఒక ఊరు. ఇప్పుడు ఆ రోడ్డున వెళ్ళేవాళ్ళకి ఆనవాలు కూడా దొరకదు గానీ, నా చిన్నప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ఎన్ని ద్రాక్ష పందిళ్ళో. మాకు నాలుగెకరాల అనాబెషాహి రకం ద్రాక్ష ఉండేది. రాతి కడీలు, వాటి మీద ఇనుప తీగల అల్లిక, దాని మీద ఆకు. మిట్టమధ్యాహ్నం కూడా పందిరి కింద చల్లగా ఉండేది, నా హోమ్‌వర్కులన్నీ అక్కడే. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబర్‌లో ఒకటి, శివరాత్రికి అటూ ఇటూ కోత. మా మొదటి బోరుకి 120 అడుగుల్లో నీళ్ళు పడ్డాయి. ఆఖరి బోరు 700 దాటినా దుమ్మే లేచింది. 2004లో తోట తీసేశాం. కడీలను ఒక్కోటి ఇంత అని లెక్కగట్టి ఎవరో ఫామ్‌హౌస్ ఫెన్సింగ్‌కి కొనుక్కుపోయారు. రెండేళ్ళ తర్వాత భూమి కూడా వెంచర్‌లో కలిసిపోయింది. ఆ డబ్బుతోనే నేను ఎమ్మెస్ చదివాను కాబట్టి ఆ విషయంలో నేను పెద్దగా నీతులు మాట్లాడలేను.

మేం ఉండేది జర్మనీలో. 2022 వేసవిలో అమ్మానాన్న మూడు నెలల వీసా మీద వచ్చారు. అదే వీసా గ్రీసుకీ పనికొస్తుంది కదా అని ఆగస్టులో అయిదు రోజులకి సాంటొరీని టికెట్లు తీశాం. నాన్నకి ద్రాక్షతోటలు చూపిద్దామనే ఐడియా నాది. నాకు వైన్ మీద కూడా ఒక కన్ను ఉందని ఒప్పుకోవాలి. అమ్మ మాత్రం "మందు చేసే ఇండ్లకు నేను రాను" అని మా పాపని పెట్టుకుని కమారిలో రూమ్‌లోనే ఉండిపోయింది. అక్కడ బీచ్‌లో ఇసుక నల్లగా ఉంటుంది, ఎండకి కాళ్ళు కాలిపోతాయి. పాపకి అది బాగా నచ్చింది, అమ్మకి అస్సలు నచ్చలేదు.

ఇంకో చిక్కు ఉంది. నేను వైన్ తాగుతానని నాన్నకి తెలుసు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. అయినా ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆయన ముందు గ్లాసు పట్టుకోలేదు. ఆయనా అంతే. ఊళ్ళో తాటివనం సంగతీ, పెళ్ళిళ్ళలో మేడ మీద గది సంగతీ నాకు తెలియవన్నట్టే ఉంటారు. ఇక మా ఆయన కారు నడపాలి, ఆ దీవిలో రోడ్లన్నీ ఇరుకు మలుపులు, కాబట్టి తాగేది నేనొక్కదాన్నే. మామా అల్లుళ్ళు మంచినీళ్ళు తాగుతూ కూర్చుంటే మధ్యలో ఆడపిల్ల ఆరు గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మొదటి సాయంత్రం అలాగే కూర్చున్నాను. సూర్యాస్తమయం వ్యూ ఉందని ఆన్‌లైన్‌లో ఒక పెద్ద చోటు బుక్ చేశాం. పేరెందుకులెండి. బస్సుల నుంచి దిగుతున్న జనం, టేబుల్ టేబుల్‌కీ ఒకటే ట్రే, దాని మీద ఆరు గ్లాసులు, ఏ గ్లాసులో ఏముందో గడగడా అప్పజెప్పి వెళ్ళిపోయిన అమ్మాయి. నాన్న తాగరని ముందే చెప్పినా ముగ్గురికీ బిల్లు వేశారు. ఆ సాయంత్రం ఏదైనా గుర్తుండిపోయిందంటే, టేబుల్ మీద పెట్టిన ఉమ్మే గిన్నె. రుచి చూసి మింగకుండా అందులో ఉమ్మేస్తారని చెబితే నాన్న ఆ గిన్నెనీ, పక్క టేబుల్ మీద తెల్లాయననీ చాలాసేపు మార్చి మార్చి చూశారు. "పైసలిచ్చి కొని ఉమ్ముడేంది?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మా రూమ్ ఓనరమ్మ మర్నాడు పొద్దున ఆ చోటు పేరు విని మొహం చిట్లించింది. ఇంటివాళ్ళే నడుపుకునే చిన్న కనావాలకి వెళ్ళండి అని చెప్పింది. కనావా అంటే నేలలోకో కొండ గోడలోకో తొలిచిన వైన్ గది. ఫోన్ చేయకుండా వెళ్ళొద్దు, ఆగస్టు కదా, కోత మీద ఉంటారు, మీతో మాట్లాడే తీరిక ఉండకపోవచ్చు అంది. అలా దొరికిందే మెగలోఖోరి తోట. తల్లీ కొడుకూ నడుపుతారు, ఇంకెవరూ లేరు. తల్లికి డెబ్బై దాటి ఉంటాయి. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, నాన్నకి అంతకంటే రాదు.

తోట అన్నాను గానీ మొదటిసారి చూసినవాళ్ళకి అది తోటలా కనబడదు. బూడిద రంగు నేల మీద ఎవరో పెద్ద పెద్ద ఆకుపచ్చ గంపలు దూరదూరంగా బోర్లించి వెళ్ళిపోయినట్టుంటుంది. పందిరి లేదు, కడీ లేదు, తీగ లేదు. "గిదేంది, చెట్లన్నీ కింద పడ్డయి" అన్నారు నాన్న. దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆకు పక్కకి తీసి చూస్తే తెలిసింది. అవి బోర్లించినవి కావు, వెల్లకిలా పెట్టిన బుట్టలు. ద్రాక్ష కొమ్మనే గుండ్రంగా చుట్టి, ఏటేటా దాని మీద కొత్త కొమ్మని అల్లుకుంటూ పోతారు. గుత్తులు బుట్ట లోపలికి వేలాడుతుంటాయి. దాన్ని కులూరా అంటారు. వేసవి పొడుగునా ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి కొడుతుంది. ఆ గాలి ఇసుకని మోసుకొచ్చి కాయల్ని గీరేస్తుంది, పూతనైతే ఊడ్చేస్తుంది. బుట్టలో ఉంటే గాలి తగలదు, ఎండకి కాయ మాడదు. రాత్రి మంచు తేమ కూడా ఆ గుంటలోనే నిలుస్తుంది.

నాన్న లేచి నిలబడ్డారు. గాలికి ఆయన టోపీ ఎగిరి రెండు సాళ్ళ అవతల పడింది. అప్పటికి పందిరి మాట మానేశారు.

ఆ తర్వాత అరగంట నేను ఉత్త దుబాసీనే. ఎకరాకి ఎంత దిగుబడి? టన్ను వస్తే గొప్ప. నాన్న నా వైపు తిరిగి, తప్పు విన్నావేమో మళ్ళీ అడుగు అన్నారు. మంచి ఏడాది అనాబెషాహి ఎకరాకి పదిహేను టన్నులు దింపిన మనిషి. మళ్ళీ అడిగాను. టన్నే. కొన్నేళ్ళు అది కూడా రాదు. మందులేం కొడతారు? గంధకం పొడి. మైలుతుత్తం? ఎప్పుడో గానీ అవసరం పడదు, వానే లేదు కదా తెగులు రావడానికి. అంటు దేని మీద కడతారు? ఈ ప్రశ్నకి కుర్రాడు హుషారయ్యాడు.

సంగతేంటంటే, పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అని వేరు తినే పురుగొకటి అమెరికా నుంచి వచ్చి యూరప్ ద్రాక్షతోటలని దాదాపు ఊడ్చిపెట్టేసింది. అప్పటి నుంచి యూరప్‌లో చాలావరకు అమెరికా జాతి వేరు మీద తమ ద్రాక్షని అంటు కట్టుకుంటున్నారు. సాంటొరీనికి ఆ పురుగు తగల్లేదు. ఇక్కడి నేలలో బంకమట్టి దాదాపు లేదు. సుమారు 3,600 ఏళ్ళ కింద ఇక్కడ పేలిన అగ్నిపర్వతం దీవి నిండా బూడిద, ప్యూమిస్ రాయి పోసి పోయింది. ఆ నేలని అస్పా అంటారు. అందులో ఆ పురుగు బతకలేదు. అందుకని ఇక్కడ చెట్టు తన వేరు మీద తానే నిలబడుతుంది. ఒక చెట్టు చచ్చిపోతే పక్క చెట్టు కొమ్మని వంచి నేలలో పూడుస్తారు. వేరు పట్టాక కోసి విడదీస్తారు. "మల్లెతీగను తొక్కించినట్టే గద" అన్నారు నాన్న. అనువదించాను. తల్లికి ఆ మల్లె మాట బాగా నచ్చింది, తలూపింది.

బుట్ట బాగా ముసలిదై, కాపు తగ్గిపోయాక, అంటే ఎనభై ఏళ్ళకో వందేళ్ళకో, దాన్ని నేల మట్టానికి నరికేస్తారు. వేరు మాత్రం అలాగే ఉంటుంది. దాని నుంచి కొత్త చిగురు వస్తే మళ్ళీ మొదటి నుంచి బుట్ట అల్లుతారు. అందుకే పైన చూసే చెట్టు వయసు వేరు, కింద వేరు వయసు వేరు. ఇది విన్నాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మా తోట తీసేసిన ఏడాది చెట్లకి పాతికేళ్ళు కూడా నిండలేదు. అప్పట్లో అందరితో ఆయన చెప్పిన కారణం, చెట్లు ముసలివయ్యాయని.

గట్టు మీద కూర్చుని అస్పా పిడికెడు తీసి చూశారు. తేలిక, గుల్ల, నీళ్ళలో వేస్తే తేలే రాళ్ళు. "ఇది మీ అమ్మ మడిమలు రుద్దుకునే రాయి కాదా?" అదే. తల్లి ఏం అర్థం చేసుకుందో ఏమో, గుడ్డు సైజువి రెండు ఏరి ఆయన చేతిలో పెట్టింది.

కాయ పేరు అసీర్తికో. మామూలుగా ఎండ బాగా ఉన్న చోట ద్రాక్షలో తీపి పెరిగి పులుపు పడిపోతుంది. ఇది ఎంత ఎండలో పండినా పులుపు వదలదు. చల్లటి వైన్ మొదటి గుక్క తాగగానే నాకు కోఠీలో తాగే సాల్ట్ సోడా గుర్తొచ్చింది. నిమ్మకాయ, ఉప్పు, ఆ వెనకే రాయి నాకినట్టు ఒక రుచి. పండు వాసన కోసం వెతికితే నిరాశే. వైన్ పుస్తకాల్లో దీనికి చాలా పెద్ద మాటలు వాడతారు గానీ ఉప్పు సోడా అంటే మనవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. ఇదే కాయతో నిక్తేరి అని ఇంకో రకం చేస్తారు. గ్రీకులో నిఖ్తా అంటే రాత్రి. పగటి వేడి తగలకుండా రాత్రికి రాత్రే కాయ తొక్కి రసం తీసేవాళ్ళు కాబట్టి ఆ పేరు. అది నాకు కొంచెం ఘాటుగా అనిపించింది.

కనావా లోపల చీకటి, చల్లదనం. గోడలకి ఇటుక లేదు, సిమెంటు లేదు. గడ్డపారతో తవ్విన గుర్తులు అలాగే ఉన్నాయి, వేలితో గీకితే పొడి రాలుతుంది. ఒక మూల కాళ్ళతో ద్రాక్ష తొక్కే పాత తొట్టి, దాని కింద రసం దిగే గుంట. ఇప్పుడు మిషన్ ఉంది గానీ విన్‌శాంటోకి ఇంకా కొంత ఇందులోనే తొక్కుతామన్నాడు కుర్రాడు.

విన్‌శాంటో తయారీ బయట కళ్ళంలో చూశాం. కోసిన గుత్తుల్ని నేల మీద పరిచి ఆగస్టు ఎండలో పది పన్నెండు రోజులు ఆరబెడతారు. మా నాన్నకి అది కిస్మిస్ కళ్ళంలాగే కనబడింది. సగం ఎండిన కాయ ఒకటి నోట్లో వేసుకుని, ఇంకో రెండు రోజులు ఆగాలి అన్నట్టు వేళ్ళు చూపించారు. తల్లి మూడు వేళ్ళు చూపించింది. ఇద్దరూ కాసేపు రెండా మూడా అని వేళ్ళతోనే వాదించుకున్నారు. ఎండిన కాయని పిండితే వచ్చేది కొంచెం, చిక్కగా పాకంలా ఉంటుంది. దాన్ని పీపాల్లో కనీసం రెండేళ్ళు ఉంచాలి, చాలామంది ఇంకా ఎక్కువే ఉంచుతారు. బయటికొచ్చేసరికి బెల్లం పానకం రంగు. రుచి ఖర్జూరం, మాడిన పంచదార, చివర్లో నాలుక మీద చింతపండు చురుక్కుమంటుంది. ఆ పులుపు లేకపోతే రెండో గుక్క తాగలేం. ఒకప్పుడు రష్యా చర్చిలకి ఇక్కడి నుంచి ఓడల్లో వెళ్ళేది ఇదే, ప్రసాదంగా ఇవ్వడానికి.

ఆ ప్రసాదం మాట నేను నాన్నకి చెప్పానో లేదో, తల్లి చిన్న గ్లాసులో రెండు గుక్కలంత పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన గ్లాసు చూశారు, నన్ను చూశారు. నాకు అప్పుడు ఉన్నట్టుండి వెనక వరసలో పీపాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలనిపించింది. వెళ్ళి లెక్కపెట్టాను. పదకొండు. అనుమానం వచ్చి మళ్ళీ లెక్కపెట్టాను. తిరిగి వచ్చేసరికి గ్లాసు ఖాళీ, నాన్న గోడలో రాయి పొరల్ని శ్రద్ధగా చూస్తున్నారు. మా ఆయన పెదాలు బిగబట్టి నేలకేసి చూస్తున్నారు. ఆ విషయం ఈ రోజు వరకూ మా ఇద్దరి మధ్యా రాలేదు. రెండో గ్లాసు కూడా అయిందని మా ఆయన రాత్రి చెప్పారు.

మధ్యాహ్నం అక్కడే భోజనం పెట్టారు. ఫావా అని పసుపుపచ్చ పప్పు. పేరు చూసి చిక్కుడు గింజ అనుకోకండి, ఇది మన కేసరి పప్పుకి దగ్గర చుట్టం, ఈ దీవిలో ఎన్నో తరాలుగా పండిస్తున్నారు. మెత్తగా ఉడికించి, పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె. అచ్చం ముద్దపప్పు, నెయ్యి బదులు ఆ నూనె. నాన్న జేబులోంచి చిన్న పొట్లం తీశారు. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ. తల్లి రొట్టె ముక్కతో రుచి చూసి, కళ్ళు తుడుచుకుని, ఇంకో ముక్క ముంచుకుంది. ఉసిరికాయంత టమాటాలు కూడా పెట్టారు. నీళ్ళు లేకుండా పండుతాయి కాబట్టి తోలు మందం, రుచి చిక్కదనం. ఆ టమాటాలతోనే వేసిన పకోడీలు నేనొక్కదాన్నే ఆరు తిన్నాను.

భోజనాల దగ్గర నాన్న అసలు ప్రశ్నకొచ్చారు. తెలుగువాడు ఎక్కడికెళ్ళినా అడిగే ప్రశ్నే. ఎకరం ఎంత పోతుంది? కుర్రాడు చెప్పిన అంకె నేను రూపాయల్లోకి మార్చి చెబితే నాన్న ముద్ద ఆపేశారు. సముద్రం కనబడే చోటైతే ఇంకా ఎక్కువ, హోటల్ వాళ్ళు కాచుకుని ఉంటారు. దీవి మొత్తం మీద ద్రాక్ష ఇప్పుడు 1,200 హెక్టార్లు కూడా ఉండదేమో, ఏటా కొంచెం కొంచెం తగ్గుతోంది. గ్రీసులో బాగా ఖరీదైన ద్రాక్షల్లో ఇదొకటి, అయినా కోతకి మనుషులు దొరకరు, వంగి వంగి నడుములు పోతాయి, కుర్రవాళ్ళంతా హోటళ్ళలో పనికి వెళ్తారు. అతని పెదనాన్న కొడుకులు అమ్మేశారు. అక్కడ ఇప్పుడు నీలం స్విమ్మింగ్ పూల్ ఉంది, వాళ్ళ గట్టు మీంచి కనబడుతుంది.

"మరి మీరెందుకు అమ్మలే?"

కుర్రాడు తల్లి వైపు చూసి, "ఆవిడ ఉన్నన్నాళ్ళు కుదరదు" అన్నాడు. తమాషాకే అన్నాడు. నేను అనువదించాను. నాన్న నవ్వలేదు. పప్పు ఇంకొంచెం వేయించుకున్నారు.

మిగతా రెండు రోజుల్లో ఇంకో నాలుగు చోట్లు తిరిగాం. వోథోనాస్‌లో కుత్సొయానొపులోస్ కుటుంబం వాళ్ళ వైన్ మ్యూజియం ఉంది. నేలకి ఎనిమిది మీటర్ల లోతున, మూడు వందల మీటర్ల సొరంగం, అందులో కదిలే బొమ్మలు. పాపని తీసుకెళ్ళింది అక్కడికే, అమ్మ కూడా వచ్చింది, బొమ్మలే కదా అని. అథీనియోస్ రేవు పైన కొండ అంచున వెనెత్సానోస్ వాళ్ళది 1947 నాటిది. కరెంటు లేని రోజులు కాబట్టి పై అంతస్తులో ద్రాక్ష పోస్తే రసం తనంతట తానే కిందికి దిగేలా కట్టారు. ఇంజనీరింగ్ చదివిన మా ఆయనకి అది తప్ప ఇంకేం గుర్తులేదు. 1903 నుంచి ఉన్న ఆర్గిరోస్ వాళ్ళ ఎస్టేట్ పెద్దది, శుభ్రం, చెప్పేవాళ్ళు చక్కగా చెప్పారు. అన్నీ బాగున్నాయి. కానీ అడగాల్సినవన్నీ నాన్న మొదటి తోటలోనే అడిగేశారు, తర్వాత చోట్ల ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటూ తిరిగారు.

మీరు వెళ్ళేట్టయితే రెండు మాటలు. ఆగస్టులో హోటల్ రేట్లు మండిపోతాయి, కానీ కోత, ఆరబోత చూడాలంటే అప్పుడే వెళ్ళాలి. రోజుకి రెండు చోట్లకి మించి పెట్టుకోకండి. మూడో చోట నాలుకకి ఏమీ తెలియదు, డబ్బు దండగ.

వచ్చేశాక ఆ ప్యూమిస్ రాళ్ళలో ఒకటి అమ్మ బాత్రూమ్‌కి, ఇంకోటి నాన్న టీవీ పక్కకి చేరాయి.

2025 ఫిబ్రవరిలో సాంటొరీని చుట్టూ భూమి ఆగకుండా కంపించింది. రోజుల తరబడి వందల కొద్దీ భూకంపాలు, బడులు మూసేశారు, పది వేల మందికి పైగా పడవల్లో, విమానాల్లో దీవి వదిలి వెళ్ళారు. నేను ఫోన్ చేద్దామనుకునేలోపే నాన్న చేశారు. టీవీలో చూశారట.

"ఇప్పుడు ఆడ కత్తిరింపుల టైమ్ గద బిడ్డా. ఊర్లె ఎవ్వరు లేకుంటే బుట్టలు ఎవరల్లుతరు?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. సీసా మీద ఉన్న అడ్రస్‌కి మెయిల్ పెట్టాను. నాలుగు రోజుల తర్వాత కుర్రాడి దగ్గర్నుంచి రెండు లైన్ల జవాబు, ఒక ఫొటో. అతను, చెల్లెలి పిల్లలు ఏథెన్స్ వెళ్ళారట. తల్లి కదలనందట. ఫొటోలో ఆవిడ మందపాటి కోటు వేసుకుని, చిన్న పీట మీద కూర్చుని, ఒక చేత్తో కత్తెర, ఇంకో చేత్తో మోడు కొమ్మని చుట్టూ వంచుతోంది. నాన్నకి వాట్సాప్‌లో పంపాను.

రెండు నీలం టిక్కులు పడ్డాక కూడా పది నిమిషాల దాకా జవాబు లేదు. ఫొటో పెద్దది చేసి చూస్తున్నట్టున్నారు. తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది.

"బాగనే అల్లుతున్నది. గానీ కొమ్మకు చిగురు కండ్లు రెండు ఎక్కువ ఇడిచిపెట్టింది, చెప్పు."